మిడ్‌వైఫ్ కోర్సు: చేతులతో నేర్చుకునే చదువు

ప్రశ్న: మా అమ్మాయి మిడ్‌వైఫ్, అంటే శిక్షణ పొంది కాన్పులు చేసే నిపుణురాలు, అవుతానంటోంది. దానికి ముందు నర్సింగ్ చదవాల్సిందేనా? కోర్సులో ఏం నేర్పుతారు? రక్తం చూస్తేనే బెదిరిపోయే పిల్ల, తట్టుకోగలదా అని టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి

జవాబు: అన్నిచోట్లా నర్సింగ్ తప్పనిసరి కాదమ్మా. మిడ్‌వైఫ్‌ల అంతర్జాతీయ సమాఖ్య ప్రమాణాల్లో రెండు దారులున్నాయి. నేరుగా మిడ్‌వైఫరీలో చేరితే కనీసం 3 ఏళ్లు, నర్సింగ్ పూర్తిచేసి వస్తే కనీసం 18 నెలలు. అయితే ప్రతి దేశంలోనూ రెండూ ఉండవు. అమ్మాయి ఎక్కడ పనిచేయాలనుకుంటోందో అక్కడ ఏ కోర్సుకు రిజిస్ట్రేషన్ (మిడ్‌వైఫ్‌గా పనిచేసేందుకు గుర్తింపు) ఇస్తారో ముందు కనుక్కోండి. అది తేలకుండా ఫీజు మాత్రం కట్టకండి.

అనాటమీ, ఫిజియాలజీ, మందులు, ఇన్‌ఫెక్షన్ల నివారణ లాంటివి శ్రద్ధగా చదివితే వచ్చేస్తాయి. అసలు కష్టం ప్రాక్టికల్స్‌లో ఉంటుంది. కోర్సులో కనీసం సగం ప్రాక్టికల్సే ఉండాలని ఆ ప్రమాణాలు చెబుతున్నాయి. గర్భిణి పొట్ట మీద అరచేతులు ఆనించి బిడ్డ ఎలా ఉందో చెప్పగలగాలి. తల గట్టిగా, గుండ్రంగా తగులుతుంది, పిరుదులు మెత్తగా ఉంటాయి. వీపు ఎటుందో దొరికితే గుండె చప్పుడు ఎక్కడ వినాలో తెలుస్తుంది. అది నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకుంటుంటే మామూలే. మొదట్లో ఎంత తడిమినా ఏదీ అంతుచిక్కదు. పక్కన సీనియర్ నిలబడి సరిదిద్దుతుంటే నెలల మీద చేతికి పట్టుబడుతుంది. అంతా సవ్యంగా సాగుతున్నప్పుడు ఓపిగ్గా కనిపెట్టుకుని ఉండడం, తేడా రాగానే గుర్తుపట్టి డాక్టర్‌ని పిలవడం. నా దృష్టిలో ఈ చదువంతా ఈ రెండింటి కోసమే.

ఇక రక్తం సంగతి. ఆ భయం చాలామందికి ఉండేదే. మొదటి రోజే పురుడు పోయమనరు. ముందు బొమ్మల మీద నేర్పుతారు, తర్వాత పక్కన నిలబడి చూడనిస్తారు, ఆ తర్వాతే చేయిస్తారు. కాన్పయ్యాక రక్తం ఎంత పోయిందో లెక్కగట్టడం కూడా నేర్చుకోవాలి. తడిసిన ప్యాడ్లను తూచి, పొడి ప్యాడ్ల బరువు తీసేసి, గ్రాముకు మిల్లీలీటరు చొప్పున లెక్కేస్తారు. మామూలు కాన్పులో 500 మిల్లీలీటర్లు దాటితే ప్రమాదం కిందే లెక్క. ఆ క్షణంలో తల్లి ప్రాణం ఆ లెక్క మీద ఉంటుందని తెలిశాక, భయానికి చోటు తగ్గుతుంది.

కాలేజీ ఎంచుకునేటప్పుడు బిల్డింగులు చూసి మోసపోకండి. ఒక్కో విద్యార్థి చేతుల మీదుగా ఎన్ని కాన్పులు చేయిస్తారని అడగండి. యూరోపియన్ యూనియన్ నిబంధనల్లో ఆ సంఖ్య 40. అవకాశాలు దొరక్కపోతే 30కి తగ్గిస్తారు కానీ, అప్పుడు మరో 20 కాన్పుల్లో సాయం పట్టాలి. గర్భిణులకు చేసే పరీక్షలైతే కనీసం 100. కాలేజీ వాళ్ల మాటతో సరిపెట్టుకోకుండా, ఆఖరి ఏడాది పిల్లల్ని విడిగా కలిసి ఇదే ప్రశ్న అడగమనండి. రాత్రి డ్యూటీలు ఎలా ఉంటాయో కూడా వాళ్ల దగ్గరే తెలుసుకోవాలి, కాన్పులకు వేళాపాళా ఉండదు కదా.