టీచర్ మీద కంప్లైంట్ ఇస్తే పిల్లల మీద కక్ష కడతారా? చెన్నై కాన్వెంటులో మా అనుభవం

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండి. పాప ఒకటో తరగతి, చెన్నైలో సిస్టర్లు నడిపే క్యాథలిక్ స్కూలు. క్లాస్ మిస్ అందరి ముందూ అరుస్తుంది, తప్పు రాస్తే తలుపు బయట నిలబెడుతుంది, నోట తెలుగు మాట వస్తే వెక్కిరిస్తుంది. సిస్టర్‌ని కలవాలా, ఫాదర్‌ని కలవాలా, చెబితే పాప మీద కక్ష కడతారా, లేకపోతే టీసీ తీసుకుని వేరే స్కూలు చూసుకోవాలా అని అడిగారు. మాదీ దాదాపు ఇదే కథ కాబట్టి రాస్తున్నా. మేం గూడూరు వైపు వాళ్ళం, పెళ్ళయినప్పటి నుంచీ పెరంబూర్ దగ్గరే ఉంటున్నాం. ఇది జరిగి మూడేళ్ళయింది. అప్పుడు మా వాడు రెండో తరగతి.

కక్ష సంగతి ముందు చెప్పేస్తా, మిమ్మల్ని ఆపుతున్నది అదే కాబట్టి. కొంచెం కడతారండీ. లేదని చెప్పి మీకు ఉత్తుత్తి ధైర్యం ఇవ్వలేను. మా విషయంలో మిస్ అరవడం మానేసింది, దాంతోపాటు మా వాడితో మాట్లాడటమే మానేసింది. చెయ్యి ఎత్తినా అడిగేది కాదు. నోట్‌బుక్‌లో స్టార్ పోయి ఉత్త టిక్కు మిగిలింది. నెలా నెలన్నర అలాగే నడిచింది. "అమ్మా, ఇవాళ కూడా నన్ను అడగలేదు" అని రోజూ వచ్చి చెప్పేవాడు. విన్నప్పుడల్లా కష్టంగానే ఉండేది. కానీ పొద్దున్నే వాంతులు మాత్రం ఆగిపోయాయి.

అసలు మొదలైంది ఆ వాంతులతోనే. వ్యాన్ హారన్ వినపడితే చాలు, తిన్న ఇడ్లీ తిన్నట్టు కక్కేసేవాడు. డాక్టరు నులిపురుగుల మందు ఇచ్చాడు. అత్తయ్య ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. ఆదివారం మాత్రం శుభ్రంగా మూడు దోసెలు తినేవాడు. ఆ తేడా నాకు తట్టడానికి నెల పట్టింది. నేనూ చిన్నప్పుడు సిస్టర్ల బళ్ళోనే చదివా. మోకాళ్ళ మీద నిలబెట్టడం, స్కేలుతో వేళ్ళ మీద కొట్టడం మాకు మామూలు. అందుకే వాడు మొదటిసారి "మిస్ తిట్టింది" అన్నప్పుడు, "నువ్వేం చేశావ్?" అన్నా. ఆ తర్వాత వాడు ఇక చెప్పలేదు.

ఒక శనివారం సాయంత్రం వరండాలో చెప్పులన్నీ వరసగా పేర్చి స్కూలాట ఆడుకుంటున్నాడు. వాళ్ళ నాన్న బూట్లు మిస్, మిగతావన్నీ పిల్లలు. ఉన్నట్టుండి తన చెప్పునే తీసి గుమ్మం బయటికి విసిరేసి, గొంతు మార్చి, "గొల్టి, వెళియ పో" అన్నాడు, బయటికి పో అని.

చెన్నైలో ఉన్నారు కాబట్టి గొల్టి అన్న మాట ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. వేరే ఊళ్ళ నుంచి చదివేవాళ్ళ కోసం చెబుతున్నా, ఇక్కడ తెలుగువాళ్ళని ఎగతాళిగా అనే మాట అది. ఆఫీసుల్లో పెద్దవాళ్ళం నవ్వి ఊరుకుంటాం. ఏడేళ్ళ పిల్లాణ్ణి టీచరే అంటే క్లాసంతా అంటుంది. అన్నారు కూడా. వాడికి అర్థం తెలియదు, బయటికి పంపేటప్పుడు అనే మాట అని మాత్రం తెలుసు.

ఆ రాత్రి నేను చేసిన పని మీరు చెయ్యకండి. పదకొండు గంటలకి క్లాసు తల్లుల వాట్సాప్ గ్రూపులో రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టా, ఏడుస్తూ. నలుగురు తోడొస్తారనుకున్నా. ఒక్కరూ మాట్లాడలేదు. సోమవారం పొద్దున్నకి ఆ వాయిస్ మిస్ ఫోన్‌కి చేరిపోయింది. ఎవరు పంపారో ఇప్పటికీ తెలియదు, ఇద్దరి మీద అనుమానం మాత్రం ఉంది. నేను స్కూలుకి వెళ్ళేసరికి మాటంతా గ్రూపులో టీచర్ పరువు తీసిన తల్లి గురించే. మా వాణ్ణి బయట నిలబెట్టిన సంగతి ఎవరికీ గుర్తు లేదు. నేనే సారీ చెప్పి రావాల్సి వచ్చింది.

రెండో ప్రయత్నానికి పదిహేను రోజులు ఆగా. ఈలోపు ఒక పాత డైరీలో తేదీలు వేసి రాసుకున్నా. దీంట్లో ఒక కిటుకు ఉందండీ. "మిస్ నిన్ను కొట్టిందా? బయటికి పంపిందా?" అని అడిగితే చిన్నపిల్లలు మన మొహం చూసి, మనకి ఏం కావాలో అది చెబుతారు. "ఇవాళ ఎవరెవరు బయట నిలబడ్డారు? ఏ పీరియడ్‌లో?" అని మామూలుగా, అన్నం పెడుతూ అడిగేదాన్ని. వాడు అన్న మాటలు వాడన్నట్టే రాసేదాన్ని, నా వ్యాఖ్యానం కలపకుండా. రెండు వారాల్లో మూడు రోజులు వాడు, మిగతా రోజుల్లో ఇంకో ఇద్దరు పిల్లలు. ఇంకా తరచుగా ఉంటుందనుకున్నా నేను. ఆ వాయిస్ మెసేజ్‌లో "రోజూ" అనేశా కూడా. ఆ ఒక్క మాట పట్టుకునే నన్ను అబద్ధాలకోరుని చేశారు.

ఇక ఎవర్ని కలవాలన్నది. క్యాథలిక్ స్కూలంటే బయటికి అంతా ఒకటే అనిపిస్తుంది గానీ, లోపల రెండు రకాలు. కొన్ని నేరుగా బిషప్ కింద ఉంటాయి. చెన్నైలో అయితే శాంథోమ్‌లో ఉండే మద్రాస్-మైలాపూర్ అగ్రపీఠం (ఆర్చిబిషప్ పరిధి), చెంగల్పట్టు వైపు అయితే 2002లో వేరుపడిన చెంగల్పట్టు పీఠం. వీటికి మామూలుగా ఒక ఫాదర్ కరస్పాండెంట్‌గా, అంటే యాజమాన్యం తరఫున స్కూలు చూసుకునే మనిషిగా ఉంటారు. రెండో రకం, సిస్టర్ల సభో బ్రదర్ల సభో, అంటే వాళ్ళ సన్యాస సంస్థే, సొంతంగా నడిపేవి. వాటికి కరస్పాండెంట్ కూడా ఆ సభ మనిషే, పైన ప్రొవిన్షియల్, అంటే ఆ ప్రాంతంలో సభకి పెద్ద ఉంటారు. మీది సిస్టర్ల స్కూలు అన్నారు కాబట్టి పక్కన చర్చి ఉంది కదా అని అక్కడి ఫాదర్ దగ్గరికి వెళ్తే లాభం లేదు. ఆయన విని, ప్రార్థిస్తానని చెప్పి పంపిస్తారు. స్కూల్ డైరీ మొదటి పేజీల్లో కరస్పాండెంట్ పేరూ, సభ పేరూ ఉంటాయి, చూడండి. ముందు క్లాస్ మిస్, తర్వాత హెచ్.ఎం. సిస్టర్, ఆ తర్వాతే కరస్పాండెంట్. మెట్టు దాటి వెళ్తే "మా దగ్గరికి రాలేదే" అన్న మాట మీదే కథ ముగిసిపోతుంది.

ఇంకో సంగతి బయటివాళ్ళకి తెలియనిది. సిస్టర్లకి కొన్నేళ్ళకోసారి ట్రాన్స్‌ఫర్ ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా అదే స్కూల్లో పాతుకుపోయిన సీనియర్ మిస్‌కి ఉన్న పట్టు కొత్తగా వచ్చిన హెచ్.ఎం.కి ఉండదు. మా హెచ్.ఎం. కేరళ సిస్టర్, అప్పటికి వచ్చి ఏడాది కాలేదు. "గొల్టి అంటే ఏమిటి?" అని అడిగింది పాపం. ఎ.సి. గదిలో కూర్చుని, మన జాతిని ఏమని వెక్కిరిస్తారో ఒక మలయాళీ సిస్టర్‌కి నా వచ్చీరాని ఇంగ్లీషులో వివరించి చెప్పా. చెబుతూ ఉంటే నాకే సిగ్గేసింది, ఎందుకో. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మమ్మల్ని కూడా ఇక్కడ ఏదో అంటారులే" అని మిస్‌ని పిలిపించింది.

మిస్ వచ్చాక ఆవిడ పక్షమూ విన్నాం. నలభై ఎనిమిది మంది పిల్లలు, ఒక్క ఆయా, ఇంగ్లీషులోనే మాట్లాడించాలని పైనుంచి ఒత్తిడి. "చనువు కొద్దీ అన్నా, నా కొడుకులాంటివాడు" అంది. నటిస్తోందని నాకనిపించలేదు, నిజంగానే ఆవిడకి అది తప్పని తట్టలేదు. నేను సారీ అడగలేదు. సస్పెండ్ చెయ్యమని మా ఆయన ఇంట్లో నూరిపోశాడు, అదీ అడగలేదు. ఒక పేజీ ఉత్తరంలో రెండే రాశా: వాణ్ణి క్లాసు బయటికి పంపకూడదు, పేరు తప్ప ఇంకోలా పిలవకూడదు. కింద ఆ మూడు తేదీలు. ఉత్తరం రెండు కాపీలు పట్టుకెళ్ళి, రెండోదాని మీద ఆఫీసు సీలు, తేదీ వేయించుకున్నా. సీలు వేయడానికి క్లర్కు నీళ్ళు నమిలాడు. వేసేదాకా కుర్చీలోంచి లేవలేదు నేను. నోటి మాటకి లేని బరువు ఆ సీలుకి ఉందని తర్వాత తెలిసింది. మరుసటి వారమే టీచర్లందరికీ మీటింగ్ పెట్టారట.

మతం గురించి మీరు అడగలేదు, కానీ మీ చుట్టాలు అడుగుతారు. మా ఆడపడుచు భర్త వెంటనే అందుకున్నాడు, మనం హిందువులం కాబట్టే ఇలా చేస్తున్నారు, పది మందిని తీసుకొస్తా గేటు దగ్గరికి అని. అన్నయ్యా, ఆ మిస్ రోజూ కుంకుమ పెట్టుకుని వస్తుంది, మనకంటే ఎక్కువ గుళ్ళు తిరుగుతుంది అంటే నమ్మడే! మన గొడవ టీచర్ ప్రవర్తనతో. దానికి మతం రంగు పూస్తే స్కూలంతా ఒక్కటై మిస్ వెనక నిలబడుతుంది. ఒకవేళ నిజంగా ప్రార్థనకి బలవంతం చేస్తున్నారంటే అది వేరే సంగతి. రాజ్యాంగం 28(3) ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కూల్లో తల్లిదండ్రులు ఒప్పుకోకుండా పిల్లల్ని మతబోధలో కూర్చోబెట్టకూడదు. క్యాథలిక్ బిషప్పుల సమాఖ్య కూడా 2024లో తమ స్కూళ్ళకి మార్గదర్శకాలు ఇస్తూ అన్ని మతాలనీ గౌరవించాలని, తమ సంప్రదాయాలు ఇతర మతాల పిల్లల మీద రుద్దొద్దని చెప్పింది. మా స్కూల్లో క్యాథలిక్ పిల్లలు క్యాటకిజంకి, అంటే వాళ్ళ మతపాఠాలకి వెళ్తారు, మిగతావాళ్ళకి మోరల్ సైన్స్. దాంతో మాకెప్పుడూ పేచీ రాలేదు.

చట్టం సంగతి. చాలామంది విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 చూపించమంటారు, దెబ్బలూ మానసిక వేధింపూ నిషేధించేది అదే. కానీ క్యాథలిక్ స్కూళ్ళలాంటి మైనారిటీ స్కూళ్ళకి ఆ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు ప్రమతి కేసులో చెప్పింది. దాన్ని పెద్ద బెంచి మళ్ళీ చూడాలని 2025లో ఇద్దరు జడ్జిలు అన్నారు, అది వేరే కథ. మీరు 17 అనగానే స్కూలు లాయరు ప్రమతి అంటాడు. అందుకని దాని మీద ఆధారపడకండి. తమిళనాడు 2003లోనే తన విద్యా నియమాలు సవరించి స్కూళ్ళలో కొట్టడాన్ని నిషేధించింది. జువెనైల్ జస్టిస్ చట్టం 2015లో సెక్షన్ 75 ఉంది. పిల్లలు తమ సంరక్షణలో ఉండగా వాళ్ళకి అనవసరమైన శారీరక, మానసిక బాధ కలిగించడం నేరం, దానికి మైనారిటీ స్కూలు, మామూలు స్కూలు అన్న తేడా లేదు. నేను ఉత్తరంలో ఇవేవీ రాయలేదు. తెలుసుకుని వెళ్ళా అంతే, గొంతు వణక్కుండా ఉండటానికి పనికొచ్చింది.

హెచ్.ఎం., కరస్పాండెంట్ ఇద్దరూ పట్టించుకోకపోతే 1098 చైల్డ్ హెల్ప్‌లైన్, తమిళనాడు స్కూల్ ఎడ్యుకేషన్ హెల్ప్‌లైన్ 14417 ఉన్నాయి. ఆ పైన జిల్లా విద్యాధికారి, రాష్ట్ర బాలల హక్కుల కమిషన్. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతా. మీ పాప చెప్పేదాంట్లో తాకకూడని చోట తాకడం లాంటిది ఏ కొంచెం ఉన్నా ఈ మెట్ల వరస అంతా మర్చిపోండి. డైరీలు, ఉత్తరాలు, సిస్టర్ అపాయింట్‌మెంట్ ఏమీ వద్దు. నేరుగా పోలీసులకి, లేదా 1098కి. పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం కింద, విషయం తెలిసినవాళ్ళెవరైనా పోలీసులకి చెప్పి తీరాలి, స్కూలు "మేం లోపల చూసుకుంటాం" అనడానికి లేదు.

టీసీ గురించి మా ఇంట్లో రెండు నెలలు కొట్టుకున్నాం. తీసుకోలేదు. జూన్ దాటాక ఏ స్కూల్లో సీటు దొరకాలన్నా డొనేషన్ గోల, పైగా వాడికి ఆ క్లాసులోనే ఇద్దరు ప్రాణస్నేహితులు. ఏడాది చివర్లో సెక్షన్ మార్చమని అడిగా, సిస్టర్ మార్చింది. మూడో తరగతి మిస్ తెలుగావిడ కాదు గానీ వాడి పేరు సరిగ్గా పలికేది, వాడికది చాలు. అయినా మీ పాపకి వాంతులు, పక్క తడపడం, రాత్రి ఉలిక్కిపడటం లాంటివి మొదలై, స్కూలుకి చెప్పాక కూడా నెలైనా తగ్గకపోతే సంవత్సరం మధ్యలో అయినా సరే తీసేయండి. ఫీజు పోతే పోయింది.

ఈ వారంలోనే అపాయింట్‌మెంట్ తీసుకోండి. పొద్దున అసెంబ్లీ టైములో వద్దు, మూడు తర్వాత అయితే సిస్టర్లు కాస్త తీరిగ్గా ఉంటారు. ఇద్దరూ కలిసి వెళ్ళండి, మీ ఆయనకి కోపం ఎక్కువైతే మీ అమ్మగారినో అత్తగారినో తీసుకెళ్ళండి. పాపని మాత్రం వెంట తీసుకెళ్ళకండి. నేను మా వాణ్ణి తీసుకెళ్ళా. మిస్ గదిలోకి రాగానే, ఎవరూ ఏమీ అనకుండానే లేచి వెళ్ళి తలుపు బయట నిలబడ్డాడు.