నాయనమ్మ కుట్టు మీద డిగ్రీ చేస్తానంటోంది, పంపమంటారా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర తండా. అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. ఇంజినీరింగ్ వద్దు, మా అమ్మ కుట్టే లంబాడీ కుట్టు మీదే చదువుతానంటోంది. మా లంబాడీ రవిక కాంచళి, పావడా పేట్యా వేసుకుని బస్సెక్కితే అమ్మను వింతగా చూసేవాళ్లు. ఆ చూపు నుంచి నా బిడ్డ బయటపడితే అదే నాకు స్వాతంత్ర్యం. ఏం చేయాలి?

జవాబు: బస్సు సంగతి చదివి కాసేపు ఆగిపోయాను. మీ బాధలో తప్పేం లేదు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం ఎన్నో సంచార జాతులతో పాటు లంబాడీల మీదా దొంగలన్న ముద్ర వేసింది. 1947లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా, చట్టంలో ఆ ముద్ర చెరిగింది 1952 ఆగస్టు 31న. జనం చూపుల్లో ఇంకా చెరగలేదు. అయితే బట్టలు పెట్టెలో దాచినంత మాత్రాన ఆ చూపు మారదండీ. ఆ కుట్టు గురించి నలుగురిలో నిలబడి చెప్పగల పిల్ల మీ ఇంట్లోంచే రావాలి. పంపండి.

పంపేది ఆర్నెల్ల కుట్టు శిక్షణకు మాత్రం కాదు, టెక్స్‌టైల్ డిజైన్‌లో నాలుగేళ్ల బీడిజైన్ డిగ్రీకి. హైదరాబాద్ నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ)లో ఉంది, ఆంధ్రప్రదేశ్ ఎన్ఐడీ (జాతీయ డిజైన్ సంస్థ)లోనూ ఉంది. ఇంటర్లో ఏ గ్రూపైనా ఫరవాలేదు. ఎస్టీలకు 7.5 శాతం సీట్లున్నాయి. దసరా దాటాక నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి. ఫీజు లక్షల్లోనే ఉంటుంది కాబట్టి కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఇచ్చే టాప్ క్లాస్ స్కాలర్‌షిప్ జాబితాలో ఆ క్యాంపస్ ఉందో లేదో ముందే చూసుకోండి. ఎప్‌సెట్ కూడా రాయించండి, చేతిలో ఇంకో దారి ఉంటుంది.

చదువయ్యాక వెంటనే సొంత బ్రాండ్ అంటే నేను ఒప్పుకోను. రెండు మూడేళ్లు ఏదైనా కంపెనీలో జీతానికి చేయాలి, మార్కెట్ అక్కడ తెలుస్తుంది. ఈ కుట్టుకు గిరాకీ లేదనుకోకండి. కర్ణాటకలో సండూరు లంబాడీ కుట్టుకు జీఐ, అంటే ఆ ప్రాంతపు ప్రత్యేకత అన్న భౌగోళిక గుర్తింపు ఉంది. 2023లో జీ20 సమావేశాలప్పుడు హంపిలో 1755 వస్తువులు ప్రదర్శించి గిన్నిస్ రికార్డు కొట్టింది అక్కడి లంబాడీ ఆడవాళ్లే.

నిఫ్ట్ ప్రవేశ పరీక్షలో భాగమైన సిచ్యుయేషన్ టెస్టులో ఇచ్చిన సామగ్రితో అప్పటికప్పుడు ఒక నమూనా చేసి చూపించాలి. దానికి తొలి కోచింగ్ మీ ఇంట్లోనే ఉంది. ఈ కుట్టులో పెట్టే అద్దానికి బెజ్జం ఉండదు కదా, అడ్డంగా నిలువుగా దారాలు వేసి బిగించి, ఆ దారాల్నే పట్టుకుని చుట్టూ కుట్టుకొస్తారు. అమ్మాయిని నాయనమ్మ పక్కన కూర్చుని అలాంటి ఒక్కో కుట్టూ బొమ్మగా గీసుకోమనండి. సండూరు వాళ్లు కీలన్, వేలే, మాకీ అని పేర్లు చెబుతారు. మీ తండాలో ఏమంటారో అమ్మగారినే అడిగి పక్కన రాసుకోమనండి.