ఫ్యాను కట్టేసి విను

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

బ్లాక్ మెటల్ అనే కటువైన రాక్ సంగీతం వాయించే నార్వే బృందం డార్క్‌థ్రోన్ వాళ్ల ‘ట్రాన్సిల్వేనియన్ హంగర్’ ఆల్బమ్ దగ్గర నీకూ నీ స్నేహితుడికీ మాటా మాటా పెరిగిందని రాశావు. అతను రేకుల షెడ్డు మీద వడగళ్లు పడ్డట్టుంది అన్నాడు. నువ్వేమో గరగరలాడితేనే అసలైన బ్లాక్ మెటల్ అన్నావు. ఇద్దరూ తొందరపడ్డారు.

ముందు ఆ రికార్డు పుట్టుక తెలుసుకో. 1994లో వచ్చిన ఆ ఆల్బమ్‌లో వాయిద్యాలన్నీ ఆ బృందపు డ్రమ్మరు ఫెన్రిజ్ ఒక్కడే వాయించి, ఇంట్లోనే నాలుగు ట్రాకుల రికార్డింగ్ యంత్రం మీద ఎక్కించాడు. మంచి స్టూడియో ఎరుగక కాదు. వాళ్ల మొదటి ఆల్బమ్ స్టాక్‌హోమ్‌లోని సన్‌లైట్ స్టూడియోలోనే తయారైంది. అన్నీ చూసి వచ్చి, వద్దనుకున్నారు. బర్జమ్ అనే పేరుతో ఒంటరిగా సంగీతం చేసిన వికెర్నెస్, ‘ఫిలోసోఫెమ్’ (1996) ఆల్బమ్ కోసం ఉన్నవాటిలో అధ్వానమైన మైకు కావాలని అడిగి, హెడ్‌సెట్ మైకుతో పాడాడు. (ఆ మనిషి హత్య కేసులో జైలుకు వెళ్లాడు. అతని పాట మెచ్చుకునేటప్పుడు ఆ సంగతి దాచకు.)

అలాగని గరగరే ఈ సంగీతానికి గుర్తు అనకు. అదే నార్వేలో, బెర్గెన్ నగరంలోని గ్రీగ్‌హాలెన్ అనే సంగీత భవనంలో సౌండ్ ఇంజనీరు పిట్టెన్ రికార్డు చేసిన ఎంపరర్ బృందం మొదటి ఆల్బమ్ వినలేదా? కీబోర్డులు పొగమంచులా కమ్ముకుని ఎంత విశాలంగా ఉంటుందో!

మరి కావాలని చేసిందేదో, చేతకాక చేసిందేదో ఎలా తెలుస్తుంది? నేను నమ్ముకున్న పద్ధతి ఒకటుంది: శబ్దం బాగా తగ్గించు. ‘ట్రాన్సిల్వేనియన్ హంగర్’ మొదటి పాటను అలా వింటే, ఆగకుండా సాగే ఆ డ్రమ్ము కాసేపటికి చినుకుల చప్పుడులా వెనక్కి జరుగుతుంది. అప్పుడు గిటారులోంచి దిగులు నిండిన వరుస ఒకటి, మళ్లీ మళ్లీ తిరుగుతూ, పైకి తేలుతుంది. ఎంత తగ్గించినా ఏ వరుసా తేలకపోతే మాత్రం ఆ రికార్డును వెనకేసుకు రాకు. అలాంటివి నా అలమరాలో బోలెడున్నాయి, డబ్బు పోసి కొన్నవే.

హెచ్చు, తగ్గు స్వరాల పాళ్లు మార్చే ఈక్వలైజర్ జోలికి వెళ్లకు. ఒకసారి నేను ఈ ఆల్బమ్‌ను బాగుచేద్దామని బేస్ మీటలన్నీ పైకి తోశాను. లేని బేస్ ఎక్కడినుంచి వస్తుంది? బొయ్యిమనే హోరు తప్ప ఏమీ రాలేదు, గిటారు కాస్తా అందులో మునిగిపోయింది.

ఆదివారం ఆ స్నేహితుణ్ణి ఇంటికి పిలువు. ఫ్యాను కట్టెయ్యి, దాని రొదలో ఆ సన్నని గిటారు సగం పోతుంది. ఉక్కపోతకు మీ అమ్మ కేకలేస్తే, మామయ్య చెప్పాడను.

మీ మామయ్య