మొదటి బాణం గురించి అల్లునికి

చిరంజీవి అల్లునికి మామ ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. అక్కకు, బావకు నా నమస్కారాలు చెప్పు.

మొన్న ఆదివారం ఫోనులో నువ్వు చెప్పిన సంగతి అప్పటినుంచీ మనసులోనే తిరుగుతున్నది. “మామా, మూడో బాణం నుంచి నాకు గురి నడుమనున్న పసుపు రంగు తప్పదు, మొదటిదే ఎటో పోతున్నది, ఎక్కువసార్లు కిందికే పోతున్నది” అన్నావు. నేను ఏవో రెండు ముక్కలు చెప్పి ఊరుకున్నాను కానీ, అది ఫోనులో తేలే ముచ్చట కాదు. పన్నెండేండ్ల వయసునుంచి వెదురు విల్లు పట్టినవాడిగా, ఆశ్రమ పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయునిగా ఎంతోమంది పిల్లలకు బాణం వేయడం నేర్పినవాడిగా నాకు తెలిసినంత తీరిగ్గా రాస్తున్నాను. ఒకేసారి చదివి పక్కన పెట్టకుండా, విల్లు పక్కన పెట్టుకొని కొంచెం కొంచెంగా చదువు.

నీ మూడో బాణం బాగా పోతున్నదంటే అదంతా నీ గురి గొప్పతనమే అనుకోకు. మొదటిది ఎక్కడ తగిలిందో చూసి, రెండోదాన్ని కాస్త పైకి జరిపి, మూడోదానికి సరిచేసుకుంటున్నావు. అంటే దిద్దుకోవడంలో నీకు మంచి నేర్పు వచ్చింది. దిద్దుకునే అవకాశం లేనప్పుడు వేసే బాణాన్ని మాత్రం నువ్వు ఇంతవరకు విడిగా సాధన చేయలేదు. మా నాయనకు, అంటే మీ తాతకు, ఆ దిద్దుకునే వీలే ఉండేది కాదు. ఆయన తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల్లో తిరిగిన రోజుల్లో, వింటినారి చప్పుడు చెవిన పడగానే దుప్పి ఒళ్లు ముడుచుకొని దూకేదని, రెండో బాణం తొడిగేసరికి అక్కడ ఊగుతున్న కొమ్మ తప్ప ఏమీ మిగిలేది కాదని చెప్పేవాడు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తర్వాత ఆయన విల్లును దూలానికి కట్టేసి మళ్లీ దించలేదు. నేను ప్రాణం ఉన్నదాని మీద ఎన్నడూ బాణం వేయలేదు, నువ్వూ వేయవద్దు. సరదాకు కుందేలు మీద వేసినా అది నేరమే. అయితే ఆ వేటగాళ్లు ఒక్క బాణం కోసం పడిన శ్రమ ఎలాంటిదో తెలుసుకుంటే, గడ్డి మోపు ముందు నిలబడేవాడికి కూడా పనికివస్తుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన విజయవాడ కుర్రవాడు బొమ్మదేవర ధీరజ్ పాయింట్లు 5-5తో సమమైన తర్వాత కెనడా ఆటగాడితో చెరొక బాణం వేయవలసి వచ్చింది. ఇద్దరూ పది కొట్టారు. కెనడా అతని బాణం నడిమికి ఇంకొంచెం దగ్గరగా పడినందుకు మనవాడు వెనుదిరిగాడు. అటువంటి చోట మూడో బాణం ఎంత బాగా వేస్తావన్నది ఎవరూ అడగరు.

ఇక నీ బాణం కిందికి ఎందుకు పోతున్నదో చూద్దాం. చూడకుండానే చెప్పగలను, నువ్వు మొదటిసారి నారిని పూర్తిగా లాగడం లేదు. ఒళ్లు వేడెక్కక ముందు భుజాలు బిగుసుకొని ఉంటాయి, వేళ్లు నారి కోతకు ఇంకా అలవాటు పడి ఉండవు, మనసేమో తొందరగా వదిలేయమంటుంది; దానితో చెయ్యి చెంప దాకా రాకముందే బాణం వెళ్లిపోతుంది. నారి ఒక అంగుళం తక్కువ లాగితే విల్లు బలంలో రెండు మూడు పౌన్లు తగ్గినట్టే, ఆ మేరకు బాణం కిందికి దిగుతుంది. నమ్మకం కుదరకపోతే ఒక పని చెయ్యి. నారి పూర్తిగా లాగినప్పుడు బాణం పుల్ల విల్లు పిడిని దాటే చోట మార్కర్‌తో సన్నని ఎర్ర గీత గీయి. నీ స్నేహితుణ్ణి పక్కన నిలబెట్టి, ఫోనులో మొదటి బాణాన్ని, అయిదో బాణాన్ని వీడియో తీయమను. అయిదోదానికి ఆ గీత పిడి దగ్గరికి వచ్చి ఉంటుంది, మొదటిదానికి ఇంకా వేలెడంత ముందే నిలిచి ఉంటుంది. మా బడిలో ఎంతోమంది పిల్లలు ఇది కళ్లారా చూసుకున్నాకే నా మాట నమ్మారు.

దీనికి మందు బలం పెంచుకోవడంలో లేదు. నీ విల్లు నీకు కొంచెం ఎక్కువ బిరుసుగా ఉందని నా అనుమానం. పూర్తిగా లాగి, నడిమి వేలు పెదవి మూలకు ఆనించి, మనసులో నిదానంగా పది లెక్కపెట్టే దాకా చెయ్యి వణకకుండా పట్టుకోగలవా? పట్టుకోలేకపోతే ఒక మెట్టు దిగి మెత్తని విల్లు తీసుకో, అందులో నామోషీ ఏమీ లేదు. లాగడం కూడా ముంజేతి బలంతో కాకుండా, వీపు మీది రెండు రెక్కల ఎముకలు ఒకదానికొకటి దగ్గరికి వస్తున్నట్టు లాగాలి. పెదవి మూల దగ్గర ఆ వేలు ఆనే చోటు పొద్దునైనా సాయంత్రమైనా, నిలబడినా మోకాలి మీద కూర్చున్నా, గోరంత కూడా మారకూడదు. అది కళ్లు మూసుకొని నేర్చుకోవలసిన విద్య. గడ్డి మోపుకు నాలుగడుగుల దూరంలో నిలబడి, ఎదురుగా మోపు తప్ప ఏమీ లేదని నిర్ధారించుకొని, కళ్లు మూసుకొని రోజుకు ఇరవై బాణాలు వేయి. గురి గురించి ఆలోచించకుండా వేలు ఎక్కడ ఆనింది, భుజం ఎక్కడ ఉంది, వేళ్లు నారిని వదిలాయా లేక గుంజాయా అన్నదే గమనించు. విసుగు పుట్టించే పని ఇది, మా పిల్లల్లో సగంమంది రెండో రోజుకే మానేసేవారు.

విల్లు కూడా పొద్దున లేచిన మనిషి లాంటిదే. రాత్రి నారి దించి పెట్టిన వెదురు విల్లు తెల్లవారి మొదటిసారి లాగినప్పుడు ఒక రకంగా, పది బాణాలు వేసిన తర్వాత మరో రకంగా ఉంటుంది. అందుకని నారి ఎక్కించిన వెంటనే బాణం తొడగకుండా కాసేపు ఆగి, మొదట పావు వంతు, తర్వాత సగం, తర్వాత ముప్పావు, చివరికి పూర్తిగా లాగి, ప్రతిసారీ మెల్లగా దించు. బాణం లేకుండా నారిని మాత్రం ఎన్నడూ వదలకు. బాణంలోకి పోవలసిన దెబ్బ అంతా తిరిగి విల్లు రెక్కలకే తగిలి అది చిట్లిపోతుంది. పిడి మీద పిడికిలి పెట్టి బొటనవేలు నిలబెడితే దాని కొన నారికి తగలాలి, మా నాయన కొలత అదే. నా చేతికి అది ఆరున్నర అంగుళాల దాకా వస్తుంది. నారి సాగి ఈ కొలత తగ్గిన రోజున బాణం పోయే తీరు మారుతుంది, మనం మాత్రం మన చెయ్యి చెడిందని బాధపడతాం. నీది డాక్రాన్ అనే పాలిస్టర్ దారపు నారి కాబట్టి నాలుగు మెలికలు వేస్తే సరిపోతుంది; మీ తాతది వెదురు బద్ద నారి, వానాకాలం తేమకు సాగితే విప్పి మళ్లీ కట్టవలసి వచ్చేది. నారి మీద బాణం తొడిగే చోట దారం చుట్టి గుర్తు పెట్టావా లేదా అన్నది నువ్వు చెప్పలేదు, పెట్టకపోతే ఈ రోజే పెట్టు.

బాణాల విషయంలో నేను కొంచెం ఎక్కువే చెబుతాను, ఎందుకంటే వెదురు పుల్లల్లో ఏ రెండూ ఒకేలా ఉండవు. విల్లు పిడిని చుట్టి పోయేటప్పుడు పుల్ల పాములా వంగి, మళ్లీ తిన్ననవుతుంది. కుడిచేతి వాటం వాళ్లకు మరీ బిరుసైన పుల్ల ఎడమకు, మరీ మెత్తని పుల్ల కుడికి పోతుంది. అమ్ములపొదిలోంచి చేతికందింది తీసి వేస్తున్నంత కాలం, తప్పు నీదో పుల్లదో ఎవరూ చెప్పలేరు. కాబట్టి ప్రతి బాణం మీద ఈకల దగ్గర నంబరు రాయి. రెండు వారాల పాటు ఏ నంబరు ఎక్కడ తగిలిందో నోటుబుక్కులో రాస్తూ పో. ఎప్పుడు వేసినా ఒకే చోటికి వచ్చే బాణం ఒకటి తేలుతుంది, దాన్ని నీ మొదటి బాణంగా పెట్టుకో. బరువు కోసం బంగారం దుకాణం త్రాసు అక్కరలేదు గానీ, కిరాణా దుకాణంలో ఉండే చిన్న డిజిటల్ త్రాసు మీద అన్నింటినీ ఒకసారి తూచి చూడు, తేడా చూసి నువ్వే ఆశ్చర్యపోతావు.

ఇంకొకటి, ఇది నా ఒంటి మీద రాసి ఉన్న పాఠం. ఇరవై ఏండ్ల వయసులో పంతానికి పోయి, రాయికి తగిలిన బాణాన్ని చూసుకోకుండా మళ్లీ తొడిగాను. వదిలిన క్షణంలో అది విరిగి, బద్ద నా ఎడమ బొటనవేలి మొదట్లో దిగింది. బద్దను లాగుతుంటే నొప్పి కంటే నాయన ముఖం చూడడానికే ఎక్కువ భయమైంది. మొన్న పండుగకు వచ్చినప్పుడు నీ చెల్లె ఆ మచ్చను చూసి పులి కరిచిందా అని అడిగింది. అప్పటినుంచి ప్రతి బాణాన్ని తొడిగేముందు రెండు చేతులతో పట్టుకొని, ముఖానికి దూరంగా, చెవికి వినపడేంత దగ్గరలో మెల్లగా వంచి తిప్పుతాను. సన్నగా చిటుక్కుమన్నా అది పొయ్యిలోకే పోతుంది.

ఇప్పుడు అసలు సాధన. వారానికి రెండు రోజులు ఎక్కువ బాణాలు వేయడం మానెయ్యి. ఆ రోజుల్లో పొద్దున్నే లేచి, పళ్లు తోముకోక ముందే, విల్లును పైన చెప్పినట్టు మూడు నాలుగుసార్లు లాగి దించి, ఒకే ఒక్క బాణం వేయి. ఎక్కడ తగిలిందో రాసుకొని విల్లు లోపల పెట్టు. చెయ్యి తహతహలాడుతుంది, రెండోది వేసి తప్పు కడిగేసుకోవాలనిపిస్తుంది. వేయకు, ఆ తప్పును మోసుకొని టిఫిన్‌కు పో. మళ్లీ రెండు గంటలు గడిచాక ఇంకొకటి, మధ్యాహ్నం ఎండలో ఒకటి, సాయంత్రం ఒకటి. దూరం ప్రతిసారీ మార్చు. పోటీలో 30 మీటర్లు, 50 మీటర్లే ఉంటాయి కదా అని వాటికే అతుక్కుపోకుండా పదిహేడు అడుగులనుంచి ఒకసారి, చింతచెట్టు మొదట్లోంచి ఒకసారి వేస్తే కంటికి దూరాన్ని అంచనా కట్టే శక్తి వస్తుంది. గురికి మోదుగాకుల విస్తరి ఒకటి గడ్డి మోపుకు గుచ్చు. వరుసగా పది మొదటి బాణాలు ఏ దూరం నుంచి ఆ విస్తరి దాటకుండా పడతాయో అదే నీ నిజమైన దూరం. అది పన్నెండు మీటర్లే అని తేలినా ముఖం మాడ్చుకోకు, అక్కడినుంచి అడుగడుగు వెనక్కి జరుగు.

విస్తరిని మొత్తంగా చూస్తే బాణం విస్తరి మీద ఎక్కడో ఒకచోట పడుతుంది. మా నాయన విస్తరి నడుమ తునికాకు ఒకటి గుచ్చి, ఆకును కూడా చూడనిచ్చేవాడు కాదు. “తొడిమ ఏ రంగున్నది?” అని అడిగేవాడు. పచ్చగా ఉందంటే విల్లు దించమనేవాడు. తొడిమ విరిగిన చోట చిన్న గోధుమరంగు చుక్క ఉంటుంది, అది కనిపించిన తర్వాతే లాగడం మొదలుపెట్టాలి. పోటీ కాగితం మీద పసుపు రంగునంతా చూడకుండా, పాత బాణం చేసిన ఒక రంధ్రాన్నో, కాగితం నలిగిన ముడతనో పట్టుకో. బాణం వదిలిన తర్వాత కూడా చప్పుడు వినిపించే దాకా ఎడమ చెయ్యి అక్కడే ఉండాలి, కన్ను ఆ చుక్క మీదే ఉండాలి. బాణం ఎటు పోతున్నదోనని తొంగి చూస్తే ముందుగా దిగేది విల్లే.

ఒక సంగతి మాత్రం నీకు అన్నిటికంటే కష్టంగా ఉంటుంది, నాకూ అలాగే ఉండేది. పూర్తిగా లాగిన తర్వాత వేలు పెదవి మూలకు సరిగా ఆనలేదనిపిస్తే, కంటికి చుక్క చెదిరిందనిపిస్తే, నారిని మెల్లగా దించెయ్యి. మొదటి బాణం చెడేది చాలావరకు ఇక్కడే. ఎలాగూ లాగాను కదా, వదిలేద్దాం అనిపిస్తుంది. అందుకని సాధనలోనే మూడుసార్లు లాగితే ఒకసారి కావాలని దించు, అప్పుడు వదలాలా వద్దా అన్నది నీ చేతిలో ఉంటుంది. మా నాయన పొద్దంతా తిరిగి, ఒక్క బాణమూ వదలకుండా ఇంటికి వచ్చిన రోజులు చాలా ఉండేవట, అవ్వ దాని గురించి ఒక్క మాట కూడా అనేది కాదట.

పోటీలో లెక్కలోకి రాని బాణాలు ముందు వేయనిస్తారని ధీమాగా ఉండకు. అవి అయిపోయి నీ వంతు వచ్చేలోపు నీడన కూర్చుంటావు, ఒళ్లు చల్లబడుతుంది, లెక్కకు వచ్చే బాణం మళ్లీ మొదటి బాణమే అవుతుంది. పిలిచేముందు రెండు నిమిషాలు భుజాలు తిప్పి, విల్లును ఒకసారి లాగి దించి, నీ నంబరు బాణాన్ని మాత్రమే చేతిలో పట్టుకొని గీత దగ్గరికి నడువు.

దసరాకు వచ్చేటప్పుడు నోటుబుక్కు మరిచిపోకుండా తీసుకురా, ఇద్దరం కూర్చొని చూద్దాం. నువ్వు ఇక్కడ వదిలి వెళ్లిన నాలుగో నంబరు బాణానికి ఒక ఈక ఊడి ఉంటే కొత్తది కట్టి ఉంచాను, జిగురు ఆరడానికి కిటికీ దగ్గర వేలాడదీశాను. అత్త నీ కోసం జొన్నలు విసిరించి పెట్టింది.

ఇట్లు,
మీ మామ