తెలుగులో వ్యాసాలు, ఊరి చరిత్రలు రాయడం ఎక్కడ నేర్చుకోవచ్చు?

కథలూ కవితలూ కాదు, వ్యాసాలు రాయాలనుంది, ఎక్కడ నేర్పుతారు అని అడిగారు. కోర్సు వెతికే ముందు, మీరు రాసిన ప్రతి వాక్యాన్నీ పట్టుకుని "ఇది నీకెలా తెలుసు?" అని నిలదీసే చోటు వెతుక్కోండి. అలాంటి చోట్లు తెలుగులో ఉన్నాయి, పైసా ఖర్చు లేదు.

మొదటిది తెలుగు వికీపీడియా. ఖాతా తెరిచి, ముందు "ప్రయోగశాల"లో మీ ఊరి మీద మూడొందల పదాలు రాయండి. చెప్పిన ప్రతిదానికీ మూలం చూపండి. "సుప్రసిద్ధ", "అతి పురాతన" లాంటి మాటలు ఎవరో ఒకరు కొట్టేస్తారు. కోపం తెచ్చుకోకుండా చర్చ పేజీలో కారణం అడగండి. అక్కడ సొంత పరిశోధన చెల్లదు, ఊళ్లో పెద్దవాళ్లు నోటితో చెప్పింది ఎక్కించలేరు. చదివిందేది, విన్నదేది అని విడదీసుకోవడం ఆ నియమం వల్లే అలవాటవుతుంది.

వికీపీడియాలో చెల్లకపోయినా, విన్నదంతా మీరు సొంతంగా రాసే వ్యాసానికి పనికొస్తుంది. ఊరి చెరువుతో మొదలుపెట్టమంటాను. తూములెన్ని, అలుగు ఎటు పారుతుంది, ఆయకట్టు ఎన్ని ఎకరాలు, నీళ్లు వదిలే నీరటి ఎవరు, కట్ట ఎప్పుడు తెగింది. కనీసం ముగ్గురిని విడివిడిగా కలవండి. గుంపుగా కూర్చోబెడితే గొంతు పెద్దదైనవాడి మాటే అందరి మాటా అయిపోతుంది. "ఏ సంవత్సరం?" అని అడక్కండి, నోటికొచ్చిన అంకె చెబుతారు, అది అచ్చులోకి ఎక్కితే మళ్లీ దిగదు. కోస్తాలో "దివిసీమ ఉప్పెనకి ముందా, తర్వాతా?" అంటే 1977 నవంబరుకు అటో ఇటో తేలిపోతుంది. తెలంగాణలో 1948 పోలీసు చర్య, 1969 ఉద్యమం అలా పనికొస్తాయి. ఫోన్లో రికార్డు చేసినా సరే, మనిషి పేరు, వయసు, తేదీ, చోటు ఆ రోజే నోటుబుక్కులో రాయండి. గంట మాటను కాగితం మీద పెట్టడానికి నాలుగైదు గంటలు పడుతుంది, ఆ టైము ముందే తీసిపెట్టుకోండి.

ఇక పాత కాగితాలు. ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ సేకరింపజేసిన కైఫియత్తుల్లో, అంటే ఊళ్ల పాత చరిత్ర రాతల్లో, మీ ఊరు ఉందేమో చూడండి. కడప జిల్లావి అక్కడి సి.పి. బ్రౌన్ పరిశోధన కేంద్రం పుస్తకాలుగా వేసింది. పాత పత్రికలకు 1918లో పెట్టిన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. కైఫియత్తులో గుడి పుట్టుక గురించి ఉండేది చాలావరకు స్థలపురాణమే. "కైఫియత్తు ఇలా చెబుతోంది" అని రాయాలి, జరిగిపోయినట్టు కాదు.

పదిహేను వందల పదాల వ్యాసాన్ని మూడుసార్లు తిరగరాశాక ఈమాటకు పంపండి. 1998 నుంచి నడుస్తున్న ఇంటర్నెట్ పత్రిక, సమీక్షకులు చదివి లోపాలు చెబుతారు. అదే విషయాన్ని సగానికి కుదించి దినపత్రికకూ రాసి చూడండి. మొదటి పేరాలోనే అసలు సంగతి చెప్పడం అప్పుడు వస్తుంది.

వయసు ముప్పై లోపైతే యువ రచయితల కోసం నేషనల్ బుక్ ట్రస్ట్ నడిపే పీఎం-యువ పథకం మీద కన్నేసి ఉంచండి. 2025లో ప్రకటించిన మూడో విడత పూర్తిగా కాల్పనికేతర రచనలకే. నమూనా అధ్యాయాలతో కలిపి పదివేల పదాల పుస్తక ప్రతిపాదన అడిగారు. ఎంపికైతే ఆరు నెలలు నెలకు 50,000 రూపాయలు, ఒక మార్గదర్శి. తెలుగులోనే రాయొచ్చు. విషయాలు వాళ్లే ఇస్తారు కాబట్టి ప్రకటన రాగానే మీ దగ్గరున్న సామగ్రి దేనికి సరిపోతుందో చూసుకోండి. నమూనాగా ఉపోద్ఘాతం పంపకండి. మనుషుల మాటా కాగితాల సాక్ష్యమూ రెండూ గట్టిగా ఉన్న మధ్య అధ్యాయమేదో పంపండి.