ఒకే కొండకి ఒక పక్క అడవి, ఇంకో పక్క గడ్డి ఎందుకుంటుంది?

అరకు రైల్లోంచి ఇలాంటి కొండ చూశానన్నారు కదా, మంచి ప్రశ్న. చాలామంది వాన తేడా అనేస్తారు. మా సింహాచలం కొండకి రెండు పక్కలా అదే మబ్బు కురుస్తుంది, అయినా రెండు పక్కలూ ఒకలా ఉండవు. ఎంత కురిసిందన్నది కాదు, ఎక్కడ ఇంకిందన్నదే నా లెక్క.

హుద్‌హుద్ తుపాను (2014 అక్టోబరు) విశాఖ కొండల్ని గొరిగేసి పోయాక మొక్కలు నాటే హడావిడి నడిచింది. ఒక ఆదివారం మా కాలనీవాళ్లం సముద్రం వైపు కొండకి వెళ్లాం. సూపర్‌వైజర్ చేతిలో కాగితం: కింద నుంచి పైదాకా ఒకటే రకం మొక్క, ఒకటే దూరం. నిటారు వాలు మీద జానెడు తవ్వేసరికి గునపం ఖంగుమంది, అడుగున రాయి. నాలుగడుగులు పక్కకెళ్తే గెడ్డ, అంటే కొండవాగు. అక్కడ పైనుంచి కొట్టుకొచ్చిన మట్టి, కుళ్లిన ఆకులు, మోకాల్లోతు గొయ్యి తీసినా మెత్తగానే ఉంది. "ఈ మొక్కలన్నీ గెడ్డలో పెడదాం, పైన తుప్పల్ని వాటి మానాన వదిలేద్దాం" అన్నాను. "ఫొటోలో వరస కనబడాలి సార్" అన్నాడు. బ్యానర్ పట్టుకున్నవాళ్లే ఎక్కువ, గునపం పట్టినవాళ్లం తక్కువ. ఉప్మా కూడా వాళ్లకే ముందు. మరుసటి వేసవికి చూస్తే పైన పుల్లలు, గెడ్డ అంచున పడ్డ వరసలో ఆకులు.

రెండోది ఎండ. మన విశాఖలో దాదాపు మే పదో తేదీ దాకా మధ్యాహ్నం సూర్యుడు దక్షిణానికే వాలి ఉంటాడు. అంటే చినుకు కరువైన నెలలన్నీ దక్షిణపు వాలే ఎండని మోస్తుంది. సూర్యుడు నెత్తి దాటి ఉత్తరానికి జరిగిన కొన్నాళ్లకే వానలు మొదలవుతాయి కాబట్టి ఉత్తరపు వాలు బతికిపోతుంది. సముద్రానికి ఎదురుగా ఉన్న వాలుకైతే ఉప్పుగాలి అదనం.

ఏజెన్సీలో ఎత్తు కూడా కలుస్తుంది. మీ రైలు శిమిలిగూడ చేరేసరికి సుమారు వెయ్యి మీటర్లు ఎక్కేస్తుంది, ఊళ్లో కంటే ఐదారు డిగ్రీలు చల్లన. అందుకే అక్కడ సిల్వర్ ఓక్ నీడన కాఫీ, మన దగ్గర జీడిమామిడి. అయితే అక్కడా ఎత్తు ఒక్కటే చాలదు. జీలుగు చెట్లు (కల్లు గీసే, తాటి జాతివి) కనబడితే కింద ఎక్కడో చెమ్మ ఉందని నేను కళ్లు మూసుకుని చెప్తాను, చాలావరకు గెడ్డల వెంటే ఉంటాయి.

మీరు చూసిన గడ్డి పక్క దక్షిణమే అయ్యుంటుంది, ఫోన్లో దిక్సూచి పెట్టి చూడండి. కాకపోతే అక్కడ ఎప్పుడో పోడు కొట్టి ఉంటారు, లేదా ఏటా ఎవరో నిప్పు పెడుతుంటారు.