రిమోట్ మోటార్‌సైకిల్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: రెండేళ్లుగా రిమోట్ కార్లు నడుపుతున్నాను. ఇప్పుడు బైకు కొనాలనుంది. 1/8 స్కేలు (అసలు బండిలో ఎనిమిదో వంతు సైజు) రోడ్డు బండి మేలా, 1/4 స్కేలు మోటోక్రాస్ (మట్టి దారుల రేసు) బండి మేలా? నడిపేది స్వర్ణముఖి ఏటి ఇసుకలో, ఇంటి దగ్గర ఎర్రమట్టి మైదానంలో.
– ఒక పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: ఎర్రమట్టి మైదానానికి 1/4 మోటోక్రాసే తీసుకోండి. కారు లెక్కచేయని రాయి బైకును పడగొడుతుంది. 2 సెం.మీ. కంకరరాయి 1/4 బండికి 8 సెం.మీ. రాయిలాంటిదైతే, 1/8 బండికి 16 సెం.మీ. బండతో సమానం. రోడ్డు బండికి బాస్కెట్‌బాల్ కోర్టులాంటి నున్నటి నేల కావాలి. అది మీకు తరచూ దొరికేటట్టుంటేనే దాని సంగతి ఆలోచించండి.

ఏటి ఇసుక మాత్రం వదిలేయండి. పొడి ఇసుకలో ముందు చక్రం దిగబడితే హ్యాండిల్ తిప్పినా బండి తిరగదు, పక్కకు ఒరుగుతుంది. పైగా సన్నటి ఇసుక బేరింగుల్లో, చైనులో నూనెతో కలిసి వాటిని అరగదీస్తుంది.

ఇక అన్నిటికన్నా ముఖ్యంగా చూడాల్సింది ఫ్లైవీల్, అంటే వేగంగా తిరుగుతూ బండిని నిలబెట్టే బరువైన చక్రం. వేగంగా పోతున్న బండి తనంతట తానే నిలబడుతుంది. పడేది మెల్లగా మలుపు తిరిగేటప్పుడే. అందుకని కొన్ని మోడళ్లలో వెనక చక్రం లోపల బరువైన ఫ్లైవీల్ పెడతారు. దానికి విడిగా మోటారు ఉందా అని అమ్మేవాళ్లను తప్పకుండా అడగండి. ఉంటే, బండి నెమ్మదించినా ఫ్లైవీల్ వేగం తగ్గదు కాబట్టి బండి నిలబడుతుంది. 2023లో వచ్చిన 1/4 స్కేలు లోసీ కంపెనీ ప్రోమోటో-ఎంఎక్స్ ఈ పద్ధతిదే. చక్రంతోపాటే తిరిగే ఫ్లైవీల్ అయితే, సరిగ్గా అవసరమైన చోటే దాని బలం తగ్గిపోతుంది. స్విచ్ వేశాక ఫ్లైవీల్ వేగం అందుకునేదాకా కొన్ని సెకన్లు ఆగండి. ఆపాక కూడా అది కాసేపు తిరుగుతూనే ఉంటుంది, వేళ్లు దగ్గర పెట్టకండి.

ఉన్న డబ్బంతా బండికే పెట్టొద్దు. పడని రిమోట్ బైకు లేదు. పక్క గార్డులు, హ్యాండిల్‌బార్, ముందు ఫోర్కు భాగాలు, ఒక సెట్టు బేరింగులు బండితోపాటే తెప్పించుకోండి. ఇవి విడిగా దొరకని మోడల్ ఎంత చౌకగా వచ్చినా మేం కొనమని చెప్పం.

ప్రశ్న: కొత్త బండి వేగం పెంచితే ముందు చక్రం గజగజ వణుకుతోంది. కుడికి తిప్పితే చక్రం మొదట ఎడమకు పోతోంది. బండిలో లోపమా?
– ఒక పాఠకురాలు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: రెండోది లోపం కాదు. చక్రం క్షణంపాటు ఎడమకు తిరిగితేనే బండి కుడికి వాలుతుంది, ఆ వాలుతోనే మలుపు తిరుగుతుంది. పెద్ద బైకు తిరిగేదీ ఇలాగే.

వణుకుకు ఎక్కువసార్లు కారణం స్టీరింగ్ జైరో (బండి ఒరుగును పసిగట్టి హ్యాండిల్‌ను తనంతట తానే సరిదిద్దే పరికరం) గెయిన్, అంటే అది సరిదిద్దే తీవ్రత, మితిమీరి ఉండడం. జైరో అవసరానికి మించి సరిదిద్దుతుంది, ఆ తప్పును మళ్లీ సరిదిద్దుతుంది. వేగం పెరిగేకొద్దీ ఇది ఊగులాటగా మారుతుంది. గెయిన్ కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, ప్రతిసారీ ఒకే వేగంలో నడిపి చూడండి. అయినా తగ్గకపోతే ముందు ఇరుసు పట్టుకుని పక్కలకు కదిపి చూడండి: వదులుగా ఉంటే నట్టు బిగించండి, బేరింగు అరిగితే మార్చండి. టైరు రిమ్ము మీద సమంగా కూర్చుందో లేదో కూడా చక్రాన్ని తిప్పి చూడండి.

ప్రశ్న: 2ఎస్ (రెండు సెల్లుల) బ్యాటరీయా, 3ఎస్ (మూడు సెల్లుల) బ్యాటరీయా? మా ఎండలకు ఏం జాగ్రత్త?
– ఒక పాఠకుడు, రేణిగుంట

జవాబు: రెండింటికీ పనికొచ్చే బండైనా 2ఎస్‌తోనే మొదలుపెట్టండి. 7.4 వోల్టుల మీద మలుపులు చేతికొచ్చాకే 11.1 వోల్టుల 3ఎస్ వేయండి. 5000 ఎంఏహెచ్ ప్యాక్‌ను 5 ఆంపియర్లకు మించి ఛార్జ్ చేయొద్దు. నడిపిన వెంటనే ఛార్జర్‌కు పెట్టకండి, ముందు చల్లారనివ్వండి. కొన్ని రోజులు వాడకపోతే సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర ఉంచి దాచండి. ఎండలో నిలిపిన స్కూటరు డిక్కీలో, కారులో బ్యాటరీ వదలొద్దు. ఉబ్బిన ప్యాక్‌ను మళ్లీ ఛార్జ్ చేయకుండా పక్కన పెట్టేయండి. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున 8 గంటల లోపే నడపండి. మధ్యలో ఆపి మోటారు మీద చెయ్యి పెడితే, పట్టుకోలేనంతగా కాలుతుంటే చైను మరీ బిగుతుగా ఉందేమో చూడండి.